గవద కింద

కప్పకి పక్కటెముకల్లేవని
నాకు చెప్పింది వైదేహి మేడం.
అప్పటికి పదకొండేళ్ళుగా నేనే పట్టుకొస్తున్నాను,
బుడంపాడు కాలవ గట్టున టార్చిలైటు నోట కరిచి,
తడి గోనెలో, వానాకాలం వారానికి నలభై.
తక్కెడలో నిలవవు గనక
కాలేజీకి లెక్కపెట్టి ఇచ్చేవాణ్ణి.
ఎగరేసే డొక్క లేదు, పొంగే ఛాతీ లేదు,
మరెట్లా బతుకుతుందో
అన్నేళ్ళూ అడగాలని తోచలేదు.

"చూడు ఏలీషా, గవద కింద చూడు."
తోలు మెత్తగా దిగింది. ఎక్కింది.
ముక్కు బెజ్జాల్లోంచి గాలి నోట్లోకి వస్తుందట.
బెజ్జాలు మూసుకుంటాయట.
అప్పుడు నోటి అడుగు పైకి లేచి
ఆ గాలిని లోపలికి నెడుతుందట.
మనం లాక్కుంటాం.
అది గుటక వేస్తుంది.

ఏటా ఒక ప్రాక్టికల్ ఉండేది.
అగ్గిపుల్ల నిలువుగా దోపి
కప్ప నోరు తెరిచి ఉంచడం.
అంత నోరు తెరుచుకుని, గది నిండా గాలి ఉండి,
గవద ఊరికే వణికేది.
లోపలికి ఏమీ పోయేది కాదు.
పిల్లలు రికార్డుల్లో రాసుకునేవాళ్ళు.
పుల్ల పెట్టేది నేను.
"ఒంటి తడితో కొంత పీల్చుకుంటుందిలే" అనేది మేడం
నా మొహం చూసి.

తర్వాత కోతలు మానేశారు, కంప్యూటర్లో బొమ్మలొచ్చాయి.
టార్చి కరెంటు పోయినప్పుడు ఇంట్లో పనికొచ్చింది.

దీవెనమ్మది మిరప యార్డు పని.
తొడాలు తీస్తే బస్తాకింతని.
ముక్కుకి కొంగు అడ్డం, ఆ కొంగు నిండా ఘాటు.
ఇంటికొచ్చి దులిపితే
పక్క వాటాలో తుమ్మేవాళ్ళు.
ఇరవై ఆరేళ్ళు.

ఆ శ్రావణంలో, రాత్రి పదకొండింటికి,
పెద్దాసుపత్రిలో మిషను ఖాళీ లేదన్నారు.
నోట్లోంచి గొట్టం దించి
రబ్బరు బుడ్డి నా చేతిలో పెట్టి
"నొక్కు, వదులు. గట్టిగా వద్దు పెద్దాయనా,
ఛాతీ కాస్త లేస్తే చాలు" అన్నాడు కుర్ర డాక్టరు.
నొక్కాను. లేచింది.
వదిలాను. దిగింది.
ఆమె లాక్కోవడం లేదు, నేను నెడుతున్నాను.
మూడొందలో నాలుగొందలో అయ్యాక
ఈ ఊపిరి నేనెరిగిందేనని తెలిసి
చెయ్యి ఒక్క క్షణం ఆగింది.
మళ్ళీ నొక్కాను.

పన్నెండున్నరకి బొటనవేలు తిమ్మిరెక్కింది.
పక్క మంచం తాలూకు కుర్రాడు, పెదకాకాని వాడు,
ఓ పావుగంట అందుకున్నాడు.
నీళ్ళు తాగబోతే నాకు గొంతు నొప్పి.
"బుడ్డి నొక్కినప్పుడల్లా నువ్వు మింగుతున్నావు తాతా,
ఇందాకట్నుంచీ చూస్తన్నా" అన్నాడు.

మూడింటికి వాన.
వార్డు వెనక కాలవలో ఒకటి అందుకుంది,
ఆ తర్వాత గుంపు.
నోరు మూసుకునే అరుస్తాయవి,
ఉన్న గాలినే సంచిలోకీ లోపలికీ తిప్పుకుంటూ.
గట్టు మీద నా అడుగు పడగానే మానేసేవి.
అన్ని వేలు గోనెకెత్తాను గానీ
పక్కనుంచి ఇంతసేపు విన్నది ఆ రాత్రే.
క్షమించమని అడగలేదు.
చేతులు ఖాళీగా లేవు.

అయిదూ ఇరవైకి పై వార్డు నుంచి మిషనొచ్చింది.
ఎవరికి అవసరం తీరిందో చెప్పలేదు, నేనడగలేదు.
బుడ్డి తీసుకున్నారు.
వేళ్ళు మాత్రం చాలాసేపు
ఉత్త గాలిని నొక్కుతూనే ఉన్నాయి.

పొద్దెక్కాక దీవెనమ్మ కళ్ళు తెరిచింది.
నోట గొట్టం, మాట లేదు.
నా కళ్ళలోకి చూస్తుందనుకున్నాను.
కాదు,
ఇంకొంచెం కిందకి,
నా గవద కింద చూస్తోంది.